నవ్వని పెళ్లికొడుకుతో మూడు రోజులు

మా నాన్న కాలంలో పెళ్లి కుదిరిన జంటను ఫోటో తీయడమంటే పది నిమిషాల పని. గుడివాడలో మా స్టూడియో వెనక గోడ మీద ఒక సరస్సు, రెండు హంసలు గీయించి ఉండేవి. ఆ సరస్సు ముందు ఇద్దరినీ జానెడు దూరంలో నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి మీట నొక్కేవారు. ఇప్పుడు ఆ స్టూడియో నాది. గోడ మీది సరస్సు ముందు నిలబడడానికి ఎవరూ రావడం లేదు. నిజం సరస్సు కావాలి, కొండ కావాలి, పొగమంచు కావాలి. వాటి కోసం పదేళ్లుగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. అరకులో జలగలు పట్టాయి. హంసలదీవిలో కెరటం వచ్చి కెమెరా స్టాండును తీసుకుపోయింది. కొల్లేట్లో పడవ నడిపే పెద్దాయన, పెళ్లికూతుర్ని వదిలేసి కొంగల్ని తీయమని నాతో గంటసేపు వాదించాడు. ఇక చూడాల్సినవన్నీ చూసేశాననుకున్నాను. నవ్వని పెళ్లికొడుకు మాత్రం మిగిలిపోయాడు. అతను కిందటేడు వానలు వెనకబట్టాక కర్ణాటకలో దొరికాడు.

ముందు ఫోను వచ్చింది. "అక్కా, మీరు ఆడోళ్లే గదా?" అని అడిగింది అవతలి గొంతు.

ముప్పై ఎనిమిదేళ్లుగా అంతేనని చెప్పాను.

ఆ అమ్మాయి పేరు సునంద. బాగేపల్లి పక్క పల్లెటూరు. అక్కడి తాలూకు కచేరిలో ఉద్యోగం. నేను అనంతపురంలో తీసిన పెళ్లి ఫోటోలు ఎక్కడో చూసిందట. ఆడ ఫోటోగ్రాఫర్ వస్తేనే పిల్లను బయటికి పంపిస్తానని వాళ్లవ్వ వెంకటమ్మ పట్టుబట్టింది. నేను వస్తున్నానని తెలిశాక ఆ అవ్వ పిల్లతోపాటు తానూ బయల్దేరింది.

కర్ణాటక కదా అని నేను బస్సులో కూర్చుని మూడు కన్నడ మాటలు బట్టీ పట్టాను. బాగేపల్లిలో దిగి కండక్టరు మీద ఒకటి ప్రయోగించాను. "ఏంది మా, తెలుగులో చెప్పు" అన్నాడు.

బాగేపల్లి: నలుగురికి రెండు కాఫీలు

పెళ్లికొడుకు గంగాధర మంచేనహళ్ళి వైపు మనిషి. పది ఆవులు, నాలుగెకరాల పొలం, ఒక పాత జీపు. ఆరడుగుల ఎత్తు, మంచి మొహం, సన్నటి మీసం. కెమెరా పట్టుకునేవాళ్లకు ఇలాంటి మనిషిని చూస్తే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నేను నమస్కారం పెడితే అతనూ పెట్టాడు. ప్రయాణం బాగా జరిగిందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నోరు మాత్రం తెరవలేదు.

జీపులో ముందు సీటు అవ్వది. వెనక నేనూ సునందా. మా ఇద్దరి మధ్య ఒక పెద్ద సంచి, దాన్నిండా బెంగళూరు నుంచి బాడుగకు తెచ్చిన ఎర్ర గౌను. జీపంతా ఆవుల దాణా వాసన. గంట తర్వాత గౌనుకూ ఆ వాసనే వచ్చింది.

బస్టాండు పక్క హోటల్లో ఆగాం. అవ్వ దర్జాగా, "నాలుగు మందికి రెండు కాఫీ" అని చెప్పింది. ఆమె పిసినారి అనుకున్నాను. తర్వాత చుట్టూ చూస్తే అందరూ అంతే. ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పోసి ఇస్తారు, దాన్ని బై టూ అంటారు. మా గుడివాడలో ఒక కాఫీని ఇద్దరు పంచుకుంటే ఆ ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. ఇక్కడ అది స్నేహం. ఈ సంగతి తెలియక నేను ఫుల్ కాఫీ అడిగాను. పక్క బల్ల మీద నలుగురూ తలలు తిప్పి, నేను బకెట్టు అడిగినట్టు చూశారు.

సునందకూ గంగాధరకూ కలిపి ఒక బై టూ వచ్చింది. ఆ పిల్ల తన సగం తాగుతూ అతన్ని చూసింది. అతను గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుని బయట బస్సుల్ని చూశాడు. ప్లేటులో తన వడ తీసి నా ప్లేటులో పెట్టాడు. మర్యాదస్థుడనుకున్నాను. ఆ మూడు రోజులూ అతని వడలన్నీ నేనే తిన్నాను. ఇప్పుడు నా జాకెట్లు పట్టకపోవడానికి ఆ మర్యాదే కారణం.

వేరుశనగ చేలో గౌను తోక

బాగేపల్లి దాటితే రోడ్డుకు రెండు వైపులా మెట్ట చేలు. మా కృష్ణా జిల్లా కళ్లకు మొదట బోసిగా కనిపిస్తాయి. కాలవలుండవు, నీళ్ల చప్పుడుండదు. కాసేపు చూస్తే ఎర్రమట్టి, దాని మీద పచ్చటి వేరుశనగ, వెనక నల్లటి బండరాళ్ల గుట్టలు ఒకదానికొకటి కుదిరిపోయి, ఫోటో తీసేవాళ్లకు చేతులు దురద పెడతాయి.

సునంద గౌను వేసుకుని వచ్చింది. దాని వెనక పన్నెండు అడుగుల గుడ్డ. నేను దాన్ని చేను గట్టు మీద పరిచి, గంగాధరను ఆమె పక్కన నిలబెట్టి, "కొంచెం నవ్వండి" అన్నాను. పెదవులు ఇంకా గట్టిగా బిగించాడు. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నవాళ్లు కూడా అతని పక్కన విదూషకుల్లా కనిపిస్తారు.

అంతలో చేను యజమాని కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఎవరు మా, చేన్లో చీర ఆరేసినారు?"

"చీర కాదప్పా, గౌను. అది దాని తోక" అంది అవ్వ గట్టు మీద కూర్చుని.

"తోక ఎందుకు?"

"నాకేం తెలుసు. తోక ఉంటే బాడుగ జాస్తి అంట."

ఆయన గౌను చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఫోటో అయినాక దీన్ని ఈడ్నే ఇచ్చిపోతారా? పందులు వస్తాండాయి. దీన్ని చూస్తే ఇంక ఈ దిక్కు రావు."

సునందకు నవ్వాగలేదు. నేను గంగాధర వైపు కెమెరా తిప్పాను. అతను అటు తిరిగి నిలబడ్డాడు.

గౌను దక్కకపోయినా ఆ రైతు మమ్మల్ని వదల్లేదు. ఎండుపుల్లల మంట మీద పచ్చి వేరుశనగ కాయలు కాల్చి తలా దోసెడు పెట్టాడు. మేం గట్టు మీద కూర్చుని చేతులు నల్లగా చేసుకుని తిన్నాం. గంగాధర తల అడ్డంగా ఊపాడు.

"ఏమప్పా, రైతు బిడ్డవి, కాయలు వద్దంటావా?" అన్నాడు ఆయన.

గంగాధర దోసెడు కాయలూ తీసుకుని చొక్కా జేబులో పోసుకున్నాడు. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. సునంద అది చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

గౌను మార్చుకోవడానికి మోటారు రూములోకి వెళ్లాం. వెనక కొక్కేలు విప్పుతుంటే సునంద గోడ వైపు చూస్తూ అంది. "అక్కా, నిశ్చితార్థం అయి నలభై దినాలు. అప్పుట్నించి ఆయన నాతో పదకొండు మాటలు మాట్లాడినాడు."

"లెక్కపెట్టావా?"

"కచేరిలో నా పని అదే గదా. 'బాగుండారా' ఒకటి. 'తిన్నారా' ఒకటి. 'సరే' ఆరు తూర్లు. ఒక దినం ఫోన్లో 'ఆవు ఈనింది, పెట్టేస్తా' అన్నాడు. అంతే. మిగతాదంతా ఊ, ఊ."

"కొందరు మాటకారులు కాదమ్మా."

"అదే అక్కా నా బాధ. నన్ను చూసుకునేకి వచ్చిన దినం గంటసేపు మాట్లాడినాడు. ఆవుల కత, వాళ్ల నాయన కత, వాన కత. ఎంత నవ్వించినాడంటే, అందుకే నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న వారానికి నోరు మూసేసినాడు. మనసు మారిందో, నేనే లోకువైనానో. గర్వం ఉండే మొగుడు నాకొద్దు. ఈ మూడు దినాలు చూస్తాను. తేలకపోతే ఇంట్లో చెప్పేస్తాను."

నేను కొక్కేల దగ్గరే ఆగిపోయాను. ఆమె ఇటు తిరిగింది. "మీరు దినమూ మనుషుల మొగాలు చూస్తాండారు గదా అక్కా. ఆయన మొగంలో ఏముండాదో చూసి చెప్పండి."

పదేళ్లలో నన్ను వెలుతురు చూడమన్నారు, నేపథ్యం చూడమన్నారు, పొట్ట కనిపించకుండా చూడమన్నారు. పెళ్లి చేసుకోవాలో వద్దో చూడమని ఎవరూ అడగలేదు. సరేనన్నాను. ఆ సరే అన్నప్పటి నుంచి నాకు ఫోటోల మీద ధ్యాస పోయింది.

మధ్యాహ్నం సునంద వాళ్లింట్లో భోజనం. రాగి సంగటి ముద్దలు, పప్పూ ఆకుకూరా ఉడికించి వంచిన నీళ్లతో పెట్టిన సారు. దాన్ని బస్సారు అంటారు. నేను ముద్దలో కొంచెం తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను. అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నమలకూడదమ్మా. మింగల్ల."

"నమలకుండా ఎలా అవ్వా?"

"సారులో ముంచి మింగేదే. పండ్లతో పనేముండాది దానికి. అన్నమనుకున్నావా?"

నేను మింగడం నేర్చుకునేలోపు గంగాధర మూడు ముద్దలు ముగించి నాలుగోదానికి చెయ్యి చాపాడు. పొద్దుట్నించి వడ, కాయలు వద్దన్న మనిషి ఇతనేనా అనుకున్నాను. సునంద వడ్డిస్తూ నా వైపు చూసింది. నాకేమీ అర్థం కాలేదని కళ్లతో చెప్పాను.

చిక్కబళ్లాపురం: పొగమంచులో నలుగురు పెళ్లికూతుళ్లు

రెండో రోజు తెల్లవారేసరికి చిక్కబళ్లాపురం పక్కన ఒక గుట్ట ఎక్కాం. పేరున్న కొండల మీద జనం ఎక్కువని, ఎవరికీ తెలియని చోటు అడిగితే హోటలు మనిషి దీన్ని చెప్పాడు. ఎవరికీ తెలియని ఆ చోట మాకంటే ముందే మూడు జంటలు, ముగ్గురు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. పొగమంచు బాగా దట్టంగా ఉంది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. ఫోటో దిగడానికి పనికొచ్చే బండ ఒక్కటే. దాని దగ్గర, రేషను అంగడి ముందు నిలబడ్డట్టు అందరం వరసలో నిలబడ్డాం.

ఇంకో సంగతి పొగమంచు కొంచెం పలచబడ్డాక తెలిసింది. నలుగురు పెళ్లికూతుళ్లూ అదే ఎర్ర గౌను వేసుకున్నారు. అందరూ ఒకే అంగట్లో బాడుగకు తెచ్చినట్టున్నారు.

మా వంతు వచ్చింది. నేను లెన్సు తుడుచుకుంటూ, "ఇద్దరూ బండ మీదికెక్కి చేతులు పట్టుకోండి" అన్నాను. ఎక్కారు. పట్టుకున్నారు. నేను ఆరేడు ఫోటోలు తీశాను. పెళ్లికొడుకు మామూలుగానే మూతి బిగించాడు. పెళ్లికూతురు ఎందుకో అతని వైపు చూస్తూ దూరం జరుగుతోంది. సిగ్గనుకుని, "దగ్గరికి జరుగమ్మా" అన్నాను.

"యారు నీవు?" అందా అమ్మాయి గంగాధరతో. ఎవరు నువ్వు, అని.

గంగాధర చేయి వదిలేసి, కళ్లు పెద్దవి చేసి, తల అటూ ఇటూ ఊపాడు. అప్పటికి వెనక నుంచి సునంద గొంతు వినిపించింది. "అక్కా, నేను ఈడుండా."

ఆమె పది అడుగుల దూరంలో ఒక పొట్టి పెళ్లికొడుకు పక్కన నిలబడి ఉంది. అతను బెంగళూరు మనిషి. ఆమె చెయ్యి పట్టుకుని, వాళ్ల ఫోటోగ్రాఫరు "స్మైల్ మాడి, స్మైల్ మాడి" అంటుంటే చక్కగా నవ్వుతున్నాడు. పొరపాటు తెలిశాక అతను సునందకు నాలుగుసార్లు క్షమాపణ చెప్పాడు, నాకు రెండుసార్లు, జీపులో కూర్చున్న అవ్వ దగ్గరికి దిగి వెళ్లి మరీ ఒకసారి చెప్పాడు. అవ్వకు ఎందుకో అర్థం కాక అతన్ని ఆశీర్వదించింది.

సునంద జీపు దగ్గరికి వచ్చాక నా చెవిలో అంది. "చూసినారా అక్కా. వేరే ఆడపిల్ల చెయ్యి పట్టుకున్నాడు, నేను మీవాణ్ని కాదు అని ఆ పిల్లకు ఒక మాట చెప్పేకి కాలేదు. ఆ పొట్టాయనే మేలు. ఐదు నిమిషాల్లో నాతో ఇరవై మాటలు మాట్లాడినాడు."

చేమంతి తోటలో నేను పడ్డ కథ

చిక్కబళ్లాపురం చుట్టూ పూల తోటలు, ద్రాక్ష పందిళ్లు. ఒక పసుపు చేమంతి తోట ముందు ఆపాం. గేటు పక్కన రేకు మీద ధరలు రాసి ఉన్నాయి: ఫోటోకి ఇంత, వీడియోకి ఇంత, డ్రోనుకి ఇంత. మా వైపు కొబ్బరి తోటలోకి వెళ్తే యజమాని ఎదురొచ్చి బొండాలు కొట్టించి, చివర్లో తన మనవడికి ఒక ఫోటో తీయమంటాడు. ఇక్కడ రైతుకు పూల మీదా రాబడి, పూల ముందు నిలబడేవాళ్ల మీదా రాబడి. నాకు అది తెలివైన పద్ధతే అనిపించింది.

తోట రైతు భార్య మూర పూలు కోసి సునంద జడలో పెట్టింది. గంగాధరను చూసి, "నోట్లో నీళ్లు పోసుకున్నాడా?" అని అడిగింది.

నేను వాళ్లిద్దరినీ ఒక పూల వరస మొదట్లో నిలబెట్టి, వరస మొత్తం రావాలని వెనక్కి నడిచాను. ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం. కాలికి నీళ్ల పైపు తగిలింది. పైపు ఊడింది, నేనూ ఊడాను. కెమెరాను రెండు చేతులా పైకెత్తి బురదలో వెల్లకిలా పడ్డాను. పైపులోంచి నీళ్లు సన్నగా నా మొహం మీద పడుతున్నాయి. సునంద, రైతు భార్య, అవ్వ, ముగ్గురూ కడుపులు పట్టుకున్నారు.

గంగాధర పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. లేపుతుంటే అతని మొహం నాకు జానెడు దూరంలో ఉంది. బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు, భుజాలు కుదుపుతున్నాయి. ఒక్కసారిగా అరచేత్తో మూతి మూసుకుని, నన్ను మళ్లీ బురదలో వదిలేసి, చేమంతుల మధ్యకు వెళ్లి ముడుచుకుని కూర్చున్నాడు.

నేను బట్టలు పిండుకుంటూ సునందతో చెప్పాను. "అది గర్వం కాదమ్మా. ఆ మనిషికి నవ్వు వస్తోంది. గట్టిగా వస్తోంది. ఆపుకుంటున్నాడు. ఏదో దాస్తున్నాడు."

మంచి మాట చెప్పాననుకున్నాను. ఆమె మొహం తెల్లబోయింది. "దాచేది ఏముండాదక్కా?"

"గుట్కా అయ్యుంటాది" అంది అవ్వ. "పండ్లు ఎర్రగా ఉంటాయని మూసుకునుంటాడు."

ఆ సాయంత్రం ముగ్గురం అతని జేబుల వైపు, జీపు సీట్ల కింద, అద్దం వెనక చూశాం. నిన్నటి వేరుశనగ కాయలు తప్ప ఏమీ లేవు.

చింతామణి: బొరుగుల వాన

మూడో రోజు చింతామణి. ఇక్కడికి రావాలన్నది సునంద కోరిక. చిన్నప్పుడు వాళ్ల నాన్న సంతకు తీసుకొచ్చి, ఇక్కడ వేడి బొరుగులు కొనిపెట్టేవాడట. మా వైపు వాటిని మరమరాలంటాం. బజారు సందులో ఒక బొరుగుల బట్టి ఉంది. యజమానురాలు రత్నమ్మ. వెనక మంట మీద ఇసుక బాణలి, ముందు తెల్లటి బొరుగులు మనిషి నడుమెత్తు రాశి. రేకుల సందుల్లోంచి ఎండ ఆ రాశి మీద పడుతోంది.

నాకొక ఆలోచన వచ్చింది. జంటను రాశి ముందు నిలబెట్టి, ఇద్దరూ దోసెళ్లతో బొరుగులు పైకి చిమ్మితే, ఆ ఎండలో మంచు కురిసినట్టు ఉంటుంది.

రత్నమ్మను అడిగితే, "చిమ్ముకోండి. కింద పడినవి మీరే కొనుక్కోవల్ల" అంది.

గంగాధర ఒక చేత్తోనే చిమ్మాడు. రెండో చెయ్యి మూతి దగ్గరే. ఓపిక పోయి నేను కొంచెం గట్టిగానే అన్నాను. "గంగాధరా, మూడు రోజులయింది. రెండు చేతులూ వాడండి. పెళ్లి ఫోటో ఇది, పంటి ఆసుపత్రి ఫోటో కాదు."

అతను సునందను చూశాడు. ఆమె అతన్ని చూడడం మానేసి నేల వైపు చూస్తోంది. అతనికి ఏమనిపించిందో, రెండు చేతులూ రాశిలో దింపి, పెద్ద దోసెడు తీసి పైకి చిమ్మాడు. నిజంగానే మంచు కురిసింది. బొరుగులతోపాటు సన్నటి ఇసుక దుమ్మూ లేచింది. అతని ముక్కు ముడుచుకుంది. మెడ వెనక్కి వెళ్లింది. ఆ తుమ్ముకు బజారు సందులో ఒక కుక్క లేచి నిలబడింది.

తర్వాత గంగాధర రాయిలా నిలబడ్డాడు. రెండు చేతులూ మూతి మీద. కళ్లు రాశి మీద. ఉన్నట్టుండి మోకాళ్ల మీద పడి, రెండు చేతులా రాశిని తవ్వడం మొదలుపెట్టాడు.

"ఉంగరం పోయిందేమో" అన్నాను.

"ఏం పోయింది?" అని సునంద అడిగింది. ఆమె అతని భుజం పట్టి తిప్పింది. "నలభై దినాలుగా అడుగుతాండా. ఇప్పుడన్నా నోరు తెరిచి చెప్పండి. ఏం పోయింది?"

అతను ఆమెను చూశాడు. చేతులు దించాడు.

"పన్ను, షునందా" అన్నాడు.

ముందు పళ్ల వరస మధ్యలో ఒక నల్లటి కిటికీ. మాటతోపాటు అందులోంచి సన్నగా ఈల వచ్చింది.

ఇక ఆగలేదు. నలభై రోజుల మాటలు ఒక్కసారి బయటపడ్డాయి. (స అక్షరాలన్నీ ష అయ్యాయి. చదివేవాళ్ల సుఖం కోసం సరిచేసి రాస్తున్నాను.) "నిశ్చితార్థం అయిన మర్నాడే గౌరి తన్నింది. గౌరి అంటే ఆవు, కొత్తగా తెచ్చినాము, చెయ్యి అలవాటు లేదు. ముందర పన్ను పోయింది. డాక్టరు ఉత్త పన్ను ఒకటి అతికించినాడు, అసలుది వచ్చేకి ఇంకా పది దినాలు. గట్టివి తినొద్దు, నవ్వొద్దు, ఊడిపోతాది అన్నాడు. మాట్లాడితే ఈల వస్తాది. ఫోన్లో అయితే ఇంకా బాగా వస్తాది. పన్ను లేనోడని మీ ఇంట్లో తెలిస్తే సంబంధం వద్దంటారని మా అమ్మ నాతో ఒట్టు పెట్టించుకునింది. నాకు దినమూ నీతో మాట్లాడల్లని ఉండాది. నిన్న కొండ మీద ఆ పొట్టాయన నీ చెయ్యి పట్టుకుంటే అరవల్లనుకున్నా. అరిస్తే పన్ను లోయలో పడుతాది."

సునంద ఏడుస్తుందనుకున్నాను. గోనెసంచి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. గాలి అందక, చెయ్యి ఊపుతూ, "ఈల... ఇంకొక తూరి..." అంది. అతను ఈల వేశాడు. ఆమె నవ్వు చూసి అతనూ నవ్వాడు. నోరంతా తెరిచి, కిటికీ మొత్తం కనిపించేలా, తల మీద బొరుగులతో నవ్వాడు. నేను అప్పుడు మీట నొక్కాను.

ఫోటో అయింది, పన్ను దొరకలేదు. తెల్లటి బొరుగుల రాశిలో తెల్లటి పన్ను. సంగతి తెలిసి సందులో అంగళ్లవాళ్లందరూ వచ్చి రాశి చుట్టూ కూర్చున్నారు. "ఇదేనా అప్పా?" అంటూ ఒకాయన కొబ్బరి ముక్క చూపించాడు. ఒకామె తెల్ల రాయి తెచ్చింది. ఇంకొకాయన వెతుకుతూ వెతుకుతూ బొరుగులు తింటున్నాడని రత్నమ్మ కసిరింది, "మింగేస్తావు, చూసుకో" అని. అతను వెంటనే ఉమ్మేసి, అరచేతిలో పరీక్షగా చూసుకున్నాడు.

చివరికి రత్నమ్మే ఉపాయం చెప్పింది. "బొరుగులు తేలిక, పన్ను బరువు. చెరగల్ల." చేట తెచ్చింది. అవ్వ కొంగు బిగించి కూర్చుంది. చేటలో పోయడం, చెరగడం, అడుగున మిగిలింది చూడడం. ఇసుక. పేలని గింజలు. ఒక చొక్కా గుండీ. గంటన్నర తర్వాత అవ్వ చెయ్యి ఆగింది. రెండు వేళ్లతో తీసి, ఎండకు పెట్టి చూసి, "ఇదిగోప్పా నీ పన్ను" అంది. సందులో వాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

గంగాధర కడుక్కుని పెట్టుకోబోతుంటే సునంద అతని చేతిలోంచి తీసేసుకుని రుమాలులో మూట కట్టింది. "ఇది పెట్టుకుంటే మళ్లా మాట్లాడవు. నా కాడ ఉండనీ." అప్పటిదాకా 'మీరు' అన్న పిల్ల అప్పుడే 'నువ్వు'లోకి దిగింది. ఇద్దరిలో ఎవరూ అది గమనించినట్టు లేదు.

పన్ను పడిన బొరుగులు ఎవరు కొంటారని రత్నమ్మ రాశి మొత్తం మాకే అంటగట్టింది. ఐదు సంచులు. జీపులో కాళ్లు పెట్టే చోటు లేకుండా పోయింది. అందులో ఒక సంచి నేను గుడివాడ దాకా తెచ్చాను. మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు ఉల్లిపాయ, నిమ్మకాయ కలుపుకుని ఎంతో బాగున్నాయన్నారు. ఇది చదివితే వాళ్లకు మిగతా సంగతి తెలుస్తుంది.

చిక్కబళ్లాపురం బస్టాండు

చింతామణి నుంచి చిక్కబళ్లాపురం దాకా గంగాధర ఆపకుండా మాట్లాడాడు. పది ఆవుల పేర్లు, ఒక్కోదాని స్వభావం, తల్లి ఎవరు, తల్లి తల్లి ఎవరు. గౌరి తన్నడానికి ముందు ఎటు చూసింది, తన్నాక ఎటు చూసింది. డెయిరీలో పాలు పరీక్ష చేసే మనిషితో తగాదా. వాన ఎందుకు వెనకబడింది. ఈలతో సహా. ముందు సీట్లో అవ్వ ఎప్పుడో నిద్రపోయింది. నాకు తల తిరుగుతోంది.

నన్ను బస్సెక్కించడానికి సునంద ఒక్కతే దిగింది. అతను జీపు పక్కన, ఎవరో తెలియని కండక్టరును పట్టుకుని, కన్నడంలో ఆవు తన్నుడు గురించి మొదటి నుంచి చెబుతున్నాడు.

"మరి ఇంట్లో ఏం చెప్తావు?" అని అడిగాను.

ఆమె వెనక్కి తిరిగి అతన్ని చూసింది. "ఏం చెప్పేదక్కా. ఈ మనిషి నోరు తెరిస్తే మూయించేకి ఎవరో ఒకరు కావల్ల గదా. ఆ కండక్టరు పాపం." బస్సు కదలకముందే అతన్ని పిలవడానికి వెళ్లిపోయింది.

గుడివాడలో, మళ్లీ

వచ్చిన నాలుగో రోజు గంగాధర వాళ్లమ్మ ఫోను చేసింది. బొరుగుల ఫోటో బాగుండాది గానీ కంప్యూటర్లో మా వాడికి ఒక పన్ను పెట్టు మా, మంటపం ముందర పెద్దదిగా పెడ్తాండారు, బంధువులు చూస్తారు అంది. తల్లి బాధ న్యాయమే అనిపించి పన్ను పెట్టాను. మంచి పన్నే పెట్టాను. మర్నాడు సునంద ఫోను చేసి తీసేయమంది. తీసేశాను. సాయంత్రానికి గంగాధర వాళ్లమ్మ మళ్లీ చేసింది. పెట్టాను. ఇలా ఆ పన్ను వారంలో మూడుసార్లు పెరిగి మూడుసార్లు ఊడింది.

చివరికి నేనే గంగాధరకు ఫోను చేశాను. అసలు పన్ను వచ్చేసిందట, ఈల లేదు. నలభై నిమిషాలు మాట్లాడాడు. గౌరి ఇప్పుడు చేతికి అలవాటైందని, సునంద వచ్చి గడ్డి పెడితే కూడా తన్నలేదని చెప్పాడు. మధ్యలో ఊపిరి పీల్చుకున్నప్పుడు నేను దూరి అడిగాను: "ఆ ఫోటోలో పన్ను పెట్టాలా, వద్దా? మీ నోరు కదా, మీరే చెప్పండి."

"దాంట్లో నా పన్ను ఎవరు చూస్తారక్కా" అన్నాడు. "నేను ఆ ఫోటో దినమూ చూస్తాండా. సునంద నవ్వుతాండేదే కనపడుతాది."

ఫోను పెట్టేశాక ఫైలు తెరిచి, పన్ను తీసేసి, ప్రింటుకు పంపించాను.